యాభై నాలుగు నిమిషాల ముందు

మా పాప పుట్టాల్సిన సమయం పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు. ఈ సంగతి పాప పుట్టడానికి తొమ్మిది రోజుల ముందే మాకు తెలుసు. పాపో బాబో మాత్రం తెలియదు. అది ముందుగా చెప్పడం నేరమని స్కానింగ్ గది తలుపు మీద రాసి ఉంటుంది. ఏ నిమిషాన పుట్టాలో ముందుగా నిర్ణయించడం నేరమని ఏ తలుపు మీదా రాసి లేదు.

లోపల బిడ్డ తల పైకి, కాళ్లు కిందికి పెట్టుకుని కూర్చుంది. తిరుగుతుందేమోనని చూసి చూసి, ఇక ఆపరేషనే అని తేల్చేసింది ఉప్పల్‌లోని నర్సింగ్‌హోమ్ డాక్టరమ్మ. తేల్చేసి, మేము నోరు తెరవక ముందే తనే అంది.

"వెళ్లి టైమ్ తెచ్చుకోండి. పొద్దున పదికీ ఒంటిగంటకీ మధ్యలో తెచ్చుకోండి. తెల్లవారుజామున మూడింటికని తెచ్చారో, ఆ సిద్ధాంతిగారినే వచ్చి కొయ్యమని చెప్తా."

టైమ్ తెచ్చే బాధ్యత మా మామయ్య, అంటే మా ఆవిడ నాన్న, తీసుకున్నారు. అంతకన్నా అర్హుడు వాళ్ల నాచారంలో దొరకడు. మామయ్య రైల్వే కంట్రోల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఏ బండి ఎక్కడుందో చార్టు మీద గీతలు గీయడం అక్కడి పని. అసలు పని అది కాదని ఆయనే చెప్పేవారు. బండి నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఆ నాలుగు నిమిషాలు ఎవరి మీద రాయాలో తేల్చడం అసలు పని. సిగ్నల్ వాళ్ల మీదా, పట్టాల వాళ్ల మీదా, ఇంజన్ వాళ్ల మీదా? ఏ డిపార్ట్‌మెంటూ "మాదే" అని ఒప్పుకోదు. తేలేదాకా ఆ నిమిషాలు గాల్లో వేలాడుతుంటాయి. రిటైరయ్యాక కూడా ఆయన జేబులో చిన్న డైరీ ఉండేది. అందులో ఒకసారి నేను చదివిన వాక్యం: "పాలు 6.12. ఏడు నిమిషాలు ఆలస్యం. కారణం: మూడో ఇంటి కుక్క."

సిద్ధాంతిగారి దగ్గర్నుంచి ఆయన తెచ్చిన కబురు ఇది. పదకొండు నలభై రెండు నుంచి పన్నెండు నిమిషాలపాటు దివ్యంగా ఉంది. ఆ తర్వాత పుట్టినా ఫరవాలేదు. ముందు పుడితే మాత్రం తండ్రికి గండం. బిడ్డకు నాలుగేళ్లు నిండేదాకా.

ఈ ఆఖరి మాట మామయ్య నా మొహం చూడకుండా, బాల్కనీలో ఆరేసిన తువ్వాలుతో చెప్పారు.

"ముందు కాకుండా చూసుకుంటే చాలు, అల్లుడుగారూ."

నేను డిగ్రీలో ఫిలాసఫీ చదివి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఫ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో హాజరు పట్టీలు చూసేవాణ్ణి. రెండింటికీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు గనక నేనూ చెప్పలేదు. భగవంతుడికి అన్నీ ముందే తెలిస్తే మనిషికి స్వేచ్ఛ ఉన్నట్టా లేనట్టా అని ఫైనలియర్‌లో ప్రశ్న వచ్చింది. ఉన్నట్టని ఒక పేజీ, లేనట్టని ఒక పేజీ రాశాను. పదికి ఆరు వచ్చాయి. ఆ చదువు మొదటిసారి పనికొచ్చే అవకాశం కనిపించి ఊరుకోలేకపోయాను.

"మామయ్యా, బిడ్డ ఎప్పుడు పుడుతుందో దేవుడికి ఇప్పటికే తెలుసా?"

"తెలుసు."

"అలాంటప్పుడు మనం టైమ్ పెట్టడమెందుకు?"

"మనం పెడతామని కూడా ఆయనకు తెలుసు."

"పెట్టకపోతే?"

"మనం పెట్టబోమని తెలిసుండేది." మామయ్య కళ్లద్దాలు తుడుచుకున్నారు. "చూడండి, కాజీపేట నుంచి వచ్చే బండి ఘట్‌కేసర్ ఎన్నింటికి దాటుతుందో ముందే నా చార్టులో ఉండేది. నేను గీత గీశానని బండి కదిలిందా? డ్రైవరు నడిపితే కదిలింది. తెలియడం వేరు, నడపడం వేరు."

"మీ చార్టు తప్పేది కదా. తప్పేది కాబట్టే మీకు ఉద్యోగం. ఆయన చార్టు తప్పదంటున్నారు. తప్పని చార్టు ఒకటి ఉన్నాక డ్రైవరు బ్రేకు మీద చెయ్యి పెట్టుకుని ఏం లాభం?"

మామయ్య మళ్లీ కళ్లద్దాలు తుడవసాగారు. గుమ్మం దగ్గర చింతచిగురు ఏరుతున్న మా అమ్మ తలెత్తకుండానే అంది.

"మీ ఇద్దరి ముచ్చట ఒడిసేటాళ్లకు ఆ పుట్టేది పుట్టి, పెరిగి, బడికి గూడ వోతది. లేవున్రి, బువ్వ సల్లారుతుంది."

గ్రహాలన్నీ అనుకూలంగా ఉన్న ఆ రోజున తెలంగాణ బంద్ పడింది. పంచాంగంలో దాని ప్రస్తావన లేదు. ఉప్పల్ చౌరస్తాలో జనం కూడక ముందే, ఆరున్నరకే పక్కింటివాళ్ల ఆటోలో నర్సింగ్‌హోమ్ చేరాం. మత్తు డాక్టరు సైనిక్‌పురి నుంచి రావాలి. దారిలో ఎక్కడ ఆపేస్తారోనని ఆయన స్కూటర్ మీద సందులన్నీ తిరిగి పదింటికే వచ్చి, కుర్చీలో కూర్చుని పేపరు మొత్తం చదివేశాడు. ఎవరో ఒకరు ముందుగా రావడం ఆ రోజు ఎంత అవసరమో అప్పటికి మాకు తెలియదు.

పదిన్నరకు మా ఆవిడకు నొప్పులు మొదలయ్యాయి. మొదలవ్వాల్సినవి కావు. నర్సు ఒకసారి చూసి వెళ్లింది, మళ్లీ వచ్చింది, మూడోసారి పరుగున వచ్చింది. స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే మా ఆవిడ నా చొక్కా కాలరు పట్టుకుని దగ్గరికి లాగింది.

"నాకు టైమెంతైందో చెప్పకండి. మీరూ నాన్నా వాదించుకోకండి."

ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. పది నలభై ఎనిమిదికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఆ సమయం నాకు గుర్తుందని కాదు, ఎవరు రాసి పెట్టారో తర్వాత చెబుతాను.

"నొప్పి వచ్చినప్పుడల్లా బిడ్డ గుండె వేగం పడిపోతోంది. పడిపోయి, మళ్లీ లేవడానికి టైమ్ తీసుకుంటోంది. బొడ్డు పేగు ఎక్కడో నొక్కుకుంటోందని నా అనుమానం. ఇప్పుడే తీసెయ్యాలి. ఇది హై రిస్క్ కాగితం, సంతకం పెట్టండి."

"డాక్టరుగారూ," అన్నారు మామయ్య, "యాభై నాలుగు నిమిషాలు..."

"సార్, నా దగ్గర ఐదు నిమిషాలు కూడా లేవు. నేను చేతులు కడుక్కుంటున్నా. కాగితం సిస్టర్‌కి ఇవ్వండి."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. నర్సు అట్ట మీద కాగితం పెట్టి నా ముందు చాపింది. నేను జేబులోంచి పెన్ను తీశాను. మూత తీశాను. అప్పుడు మామయ్య నా మణికట్టు పట్టుకున్నారు.

గట్టిగా కాదు. బస్సు కదులుతుంటే పక్కవాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"ఇంకో డాక్టర్ని అడుగుదామా, అల్లుడుగారూ? ఒక్కమాట అడుగుదాం. మీకేమైనా అయితే నా కూతురు..."

కూతురు లోపలుంది. కూతురి భర్త బయటున్నాడు. ఎవరి కోసం భయపడాలో తేల్చుకోలేని మనిషి మొహం నేను అంత దగ్గర్నుంచి అంతకు ముందు చూడలేదు. కొద్ది క్షణాలకే ఆయనే చెయ్యి తీసేశారు.

నేను సంతకం పెట్టలేదు.

ఇక్కడ నేను భార్య గురించీ బిడ్డ గురించీ ఆలోచించానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నేను నా గురించి ఆలోచించాను. గండమంటే ఏ రూపంలో వస్తుంది? హబ్సిగూడ మలుపులో లారీయా? ఫ్యాక్టరీలో కరెంటా? మా నాన్నకు వచ్చినట్టు టీ తాగుతూ తాగుతూ గుండెపోటా? శనివారం చికెన్ తిని, అమావాస్యనాడు క్షవరం చేయించుకుని, ఈ నమ్మకాల మీద ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో జోకులేసి టీలు సంపాదించుకున్నవాణ్ణి. ఆ పెన్ను పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ జోకుల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఒకటి మాత్రం అనుకున్నాను. నేను పెడతానో పెట్టనో దేవుడికి తెలుసు కదా. తెలిసిందే జరుగుతుంది కదా. సరే, జరగనిద్దాం. నేను నిజంగానే నా చేతి వైపు చూస్తూ, అది తనంతట తాను కదులుతుందేమోనని ఎదురుచూశాను. చెయ్యి కదల్లేదు. దేవుడికి తెలిసిన పనులన్నిట్లోనూ ఇదొక్కటి నేను చేస్తే తప్ప అయ్యేలా లేదు.

నర్సు నా మొహం, గోడ గడియారం మార్చి మార్చి చూస్తోంది. బయట రోడ్డు మీద నినాదాలు దగ్గరవుతున్నాయి. తలుపు అవతల్నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. నొప్పితో వంకరపోయిన గొంతు.

"సంతకం పెట్టారా లేదా!"

కోస్తున్నది ఆమెను. అడిగింది నన్ను. కాగితం మీద ఆమె సంతకానికి ఒక గీత ఉన్నా ఆ నర్సింగ్‌హోమ్ పద్ధతిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మూల బెంచీ మీద కూర్చున్న అమ్మ లేచి వచ్చింది. పొద్దుట్నుంచీ కీసర రామలింగేశ్వరుడికి మొక్కుకుంటూ, ఒక్క మాట మాట్లాడని మనిషి.

"ఏందిరా, ఏం సూస్తున్నవ్?"

"ఏం కావాలో దేవుడికి తెలుసు గదమ్మా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పరీక్ష పేపర్లో రాసినట్టు అనేశాను.

"ఆయనకెర్కనే. నీకెర్కనా?"

"లేదు."

"గదే మరి. ఆయనకు ఎర్కయ్యేది ఆయన సూసుకుంటడు. నీకు ఎర్కలేదు గాబట్టే పెన్ను నీ శేతుల వెట్టిన్రు. వెట్టు."

పెట్టాను.

కాగితం తీసుకుని నర్సు పరుగెత్తింది. తలుపు ఊగి ఊగి ఆగింది. ఆ తర్వాత మాకు చేయడానికి ఏమీ లేదు. అమ్మ బెంచీ మీద కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. మామయ్య తలుపుకు ఎదురుగా నిలబడి వాచీ చూసుకుంటున్నారు. మామూలుగా నిమిషాల ముల్లును చూసే ఆయన, ఆ రోజు సెకన్ల ముల్లును చూశారు. ఊరేగింపు నర్సింగ్‌హోమ్ ముందుకు వచ్చేసింది. దవాఖానా అని బోర్డు చూసి ఎవరో "సప్పుడు జెయ్యకున్రి, సప్పుడు జెయ్యకున్రి" అన్నారు. అంతమంది ఒక్కసారిగా మౌనంగా నడిచిపోయారు. ఆ నిశ్శబ్దం నాకు అస్సలు నచ్చలేదు. లోపల్నుంచి ఏడుపు రావాల్సిన నిశ్శబ్దం అది.

రాలేదు.

కత్తెరో ఏదో ట్రేలో పడిన శబ్దం వచ్చింది. డాక్టరమ్మ ఎవరితోనో "త్వరగా" అంది. అడుగుల చప్పుడు. మళ్లీ ఏమీ లేదు. మామయ్య పెదవులు కదులుతున్నాయి. మంత్రమనుకున్నాను, దగ్గరికి వెళితే లెక్కపెడుతున్నారు. "నలభై ఒకటి, నలభై రెండు..." నూట అరవై దాటాక ఆయన లెక్కపెట్టడం ఆపేసి నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

అప్పుడు ఏడ్చింది. పిల్లి కూన కన్నా తక్కువ గొంతుతో, ఎవరిచేతో బతిమాలించుకుని ఏడ్చినట్టు.

నర్సు వచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది, నేను నవ్వుతున్నాను, మామయ్య ఏదో రాసుకుంటున్నారు.

"ఆడపిల్ల. పేగు మెడకు రెండు సుట్లుండె. ఏడ్వనీకె జర టైమ్ వట్టింది. రెండు దినాలు అద్దాల పెట్టెల వెడతం. తల్లి మంచిగున్నది." ఆమె గొంతు తగ్గించింది. "పుట్టిన టైమ్ ఏం రాయాలె, సార్?"

"ఎంతకు పుట్టిందమ్మా?" అన్నారు మామయ్య.

"పదకొండు ఏడు. గని మీరు వేరే టైమ్ తెచ్చుకున్నరు గద. శానమంది రాయమంటరు, రాస్తం. పదకొండు నలభై రెండని రాయాల్నా?"

ఎంత తేలిక! ఒక్క గీత. గండం పోతుంది, జాతకం దివ్యమవుతుంది, సిద్ధాంతిగారు సంతోషిస్తారు. నేను మామయ్య వైపు చూశాను. నిజం చెప్పాలంటే, ఆయన ఒప్పుకుంటారని ఆశపడ్డాను.

"అమ్మా," అన్నారాయన, "రాని బండిని వచ్చిందని నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారీ రాయలేదు. ఇప్పుడు మనవరాలితో మొదలుపెట్టమంటావా? పదకొండు ఏడే రాయి."

ఆ తర్వాత నాలుగేళ్లు మా ఇంట్లో రెండు కాపలాలు నడిచాయి. ఒకటి పాపకు. పుట్టీ పుట్టగానే గాలి అందలేదు కాబట్టి మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం, మాట్లాడటం అన్నీ సమయానికి జరుగుతున్నాయో లేదో చూస్తుండండి, ఇప్పుడే ఏమీ చెప్పలేను అంది డాక్టరమ్మ. కాబట్టి చూస్తూ ఉండేవాళ్లం. ప్రతి మైలురాయి ముందూ ఇంట్లో గాలి బిగుసుకుపోయేది. పక్కింటి పిల్ల తొమ్మిదో నెలలో నిలబడితే మా ఆవిడ వారం రోజులు వాళ్లింటి వైపు వెళ్లలేదు. మా పాప పదిహేనో నెలలో నడిచింది. నడిచి, అమ్మ చింతపండు గిన్నె తన్నేసింది. అమ్మ ఆ గిన్నెకు దండం పెట్టింది.

రెండో కాపలా నాకు. గండాన్ని నేను నమ్మనని అందరికీ చెప్పేవాణ్ణి, హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ. ఆ హెల్మెట్ మామయ్య కొనిచ్చిందే. రోజూ సాయంత్రం ఆరు నలభైకి, నేను ఉప్పల్ రింగ్‌రోడ్ దాటే వేళకు, ఆయన ఫోన్ చేసేవారు. బండి పక్కకు ఆపి ఎత్తేవాణ్ణి.

"ఏం అల్లుడుగారూ?"

"ఏం లేదు మామయ్యా, వస్తున్నా."

"ఆ... అంతా... సరే, సరే." పెట్టేసేవారు.

నేను బతికున్నానో లేదో కనుక్కోవడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి లేదని క్యాంటీన్‌లో చెప్పి నవ్వించేవాణ్ణి. లారీ దగ్గరగా వెళ్లిన రోజుల్లో నవ్వించేవాణ్ణి కాదు.

పాపకు నాలుగేళ్లు నిండిన రోజుకు కొత్త రాష్ట్రం రావడానికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. కేకు కోయడం అయింది. పాప అరిచే అరుపులకు, ఊపిరి అందడంలో ఇక ఏ లోపమూ లేదని వీధంతటికీ రూఢి అయింది. అమ్మ, మా ఆవిడ వంటింట్లో ఉన్నారు. మామయ్య నన్ను బాల్కనీలోకి పిలిచి జేబులోంచి ఒక పాత డైరీ తీశారు. పాప పుట్టిన ఏడాదిది.

పేజీలో ఇలా ఉంది. "10.48 డాక్టరు. 10.52 సంతకం. 11.07 జననం. 11.10 ఏడుపు." కుడి పక్కన గీత గీసి: "ఆలస్యం 4 ని. ఎవరి మీద: నా మీద."

"ఇదేంటి మామయ్యా?"

"చెయ్యి పట్టుకున్నది నేనే కదా." ఆయన రోడ్డు వైపు చూస్తున్నారు. "మెడకు పేగు చుట్టుకున్న పిల్లకు నాలుగు నిమిషాలు తక్కువేం కాదు. రోజూ ఫోన్ చేసింది మీ గండం గురించనుకున్నారు మీరు. మొదటి నెల అందుకే చేశాను. ఆ తర్వాత, పాప మెడ నిలిపిందా, మాట వచ్చిందా అని అడుగుదామని చేసేవాణ్ణి. లేదంటారేమోనని అడగలేక పెట్టేసేవాణ్ణి. ఇవాళ్టితో సరిపోయింది. చూపించి చింపేద్దామనుకున్నా."

డైరీలో ఆ నాలుగు మీద వేలు పెట్టాను.

"మీరు అర నిమిషంలో చెయ్యి తీసేశారు, మామయ్యా. మిగతా మూడున్నర నిమిషాలు నావి. నాకేమవుతుందోనని నేను ఆగాను. లోపలున్నవాళ్ల గురించి కాదు."

ఈ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. మా ఆవిడతో కూడా. మామయ్య రోడ్డు మీద నుంచి చూపు నా వైపు తిప్పారు. ఆ చూపు తట్టుకోలేక, అలవాటు కొద్దీ, తప్పించుకునే దారి వెతికాను.

"అయినా ఆ నాలుగు నిమిషాలు పోతాయని దేవుడికి ముందే తెలుసు కదా. ఆయన మీద రాసేస్తే మనిద్దరికీ గొడవ ఉండదు."

మామయ్య నవ్వలేదు. నేను ఎప్పుడో అడిగి వదిలేసిన ప్రశ్నకు ఇన్నేళ్ల తర్వాత జవాబు దొరికినట్టు, నెమ్మదిగా తల అడ్డంగా ఊపారు.

"లేదండీ. ఆయనకు తెలుసు, అంతే. తెలిసినవాళ్ల మీద రాయకూడదు. ఆపినవాళ్ల మీదే రాయాలి. కంట్రోల్‌లో మాకు నేర్పిన మొదటి పాఠం అదే."

లోపల్నుంచి పాప "తాతా!" అని అరిచింది. "వస్తున్నా" అని ఆయన డైరీ మోకాలి మీద పెట్టుకున్నారు. "నా మీద" అన్నది కొట్టేసి, కింద ఇలా రాశారు: "అర ని. నేను. మూడున్నర ని. అల్లుడు."

"నా సర్వీసు మొత్తంలో రెండు డిపార్ట్‌మెంట్లూ మాదంటే మాదని ఒప్పుకున్న కేసు ఇదొక్కటే," అని పెన్ను నా చేతికిచ్చారు. "పక్కన సంతకం పెట్టండి."

పెట్టాను. ఆయన వాచీ చూసుకున్నారు గాని, ఏమీ రాయలేదు.